ఖాళీ చోటు లెక్క



ఒకే లెక్కను రెండు పద్ధతులలో చేస్తే జవాబు ఒకటే రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు ఉన్నదన్నమాట. శాస్త్రజ్ఞులకు అలా కుదరని లెక్క ఒకటి ఉంది. అది ఖాళీ చోటును గురించినది.

1917లో ఐన్‌స్టయిన్ తన గురుత్వాకర్షణ సిద్ధాంతంతో విశ్వం మొత్తాన్ని లెక్కగట్టాడు. విశ్వం పెరగదు, తరగదు అని ఆ రోజుల్లో అనుకునేవారు. కాని ఆకర్షణ వల్ల అంతా ఒకచోటికి వచ్చి పడాలి గదా! అలా పడకుండా ఎదురు నెట్టటానికి ఆయన తన సమీకరణంలో ఒక స్థిరాంకాన్ని చేర్చాడు. దాని గుర్తు లాంబ్డా అనే గ్రీకు అక్షరం. 1929లో హబుల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు, గెలాక్సీలు ఎంత దూరాన ఉంటే అంత వేగంగా మనకు దూరమవుతున్నాయని చూపాడు. అంటే విశ్వం పెరుగుతున్నది! ఇక స్థిరాంకం అక్కర లేదని ఐన్‌స్టయిన్ 1931లో దాన్ని కొట్టివేశాడు.

పైకి విసిరిన బంతి వేగం క్రమంగా తగ్గుతుంది. విశ్వం పెరగటం కూడా అలాగే నెమ్మదించాలి. ఎంత నెమ్మదించిందో తెలుసుకోవటానికి రెండు బృందాలవారు ఎంతో దూరాన పేలిపోయిన నక్షత్రాల వెలుగును కొలిచారు. దీపం దూరమైన కొద్దీ మసకబారుతుంది. ఆ నక్షత్రాలు అనుకున్న దానికన్నా మసకగా ఉన్నాయి. అంటే, విశ్వం పెరిగే వేగం తగ్గటం లేదు, హెచ్చుతున్నది! ఈ సంగతి 1998లో తేలింది. దీనికి పెర్ల్‌మటర్, ష్మిట్, రీస్ అనే ముగ్గురికి 2011లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇలా నెట్టే శక్తికి కృష్ణశక్తి అని పేరు. విశ్వంలో ఉన్న శక్తిలో నూటికి 70 వంతులు ఇదేనని అంచనా.

ఇది ఎక్కడిది? శూన్యంలోనే ఉన్నదేమో! క్వాంటమ్ సిద్ధాంతం ప్రకారం శూన్యానికి కూడా శక్తి ఉండాలి. ఎంత ఉండాలో లెక్కవేస్తే, ఆకాశంలో కొలిచిన దానికన్నా సుమారు ఒకటి పక్కన 120 సున్నలు పెట్టినన్ని రెట్లు వచ్చింది! కోటికి ఏడే సున్నలు. నిజంగా అంత శక్తే ఉంటే నక్షత్రాలు పుట్టకముందే అంతా చెదిరిపోయేది. మీరూ లేరు, నేనూ లేను.

తప్పు ఎక్కడున్నదో ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. అయితే ఒకటి గమనించండి. ఐన్‌స్టయిన్ కొట్టివేసిన అక్షరాన్ని 67 ఏళ్ల తరవాత మళ్ళీ రాయవలసి వచ్చింది. కనక, లెక్క కుదరలేదని వెంటనే పలక తుడిచెయ్యకండి. తప్పిన చోటు ఏదో వెతకండి. కొత్త సంగతి అక్కడే దొరకవచ్చు.