తత్సమం పేరిట పెత్తనం

ప్రేమ్‌చంద్ మీద జరగబోయే ఒక సదస్సు ఆహ్వానపత్రం ఈమధ్య మా పత్రిక కార్యాలయానికి వచ్చింది. హిందీలోంచి తెలుగు చేసిన పత్రం. 'గోదాన్' ప్రేమ్‌చంద్ పూర్తిచేసిన చివరి ఉపన్యాసమని అందులో ఉంది. 1936లో వచ్చిన ఆ నవల పేరు వినని కుర్రవాడెవరైనా ఈ వాక్యం చదివితే, ఆయన ఏదో సభలో గోదానం గురించి మాట్లాడాడనే అనుకుంటాడు. తొందరలో పొరపాటు జరిగి ఉంటుందనుకుని నిర్వాహకులకు ఫోన్ చేశాం. 'ఉపన్యాసమంటే నవలే. సంస్కృత పదం, దేశమంతటికీ ఒకటే. తెలుగువాళ్లే దాని అర్థం చెడగొట్టుకున్నారు' అని జవాబు వచ్చింది. అచ్చుతప్పయితే దిద్దుకుంటే సరిపోయేది. ఈ జవాబును మాత్రం ఊరికే వదిలిపెట్టలేం.

సంస్కృతంలో ఉపన్యాసమంటే దగ్గర ఉంచడం, ఒక విషయాన్ని ఎత్తి చెప్పడం. నవల అన్న అర్థం పంతొమ్మిదో శతాబ్దంలో బెంగాలీలో స్థిరపడి, అక్కణ్నుంచి హిందీకి చేరింది. మరాఠీ, కన్నడ భాషలు బాణుడి గ్రంథం పేరు తీసుకుని నవలను 'కాదంబరి' అన్నాయి. మన దగ్గర నరహరి గోపాలకృష్ణమ చెట్టి 1872 నాటి 'శ్రీరంగరాజ చరిత్ర'ను నవీన ప్రబంధమన్నాడు. కందుకూరి 'రాజశేఖర చరిత్ర'ను వచన ప్రబంధమన్నాడు. 'నవల' అన్న పేరు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి ఇచ్చాడు. ప్రసంగమన్న మన అర్థమే మూలానికి దగ్గరగా ఉంది. అయినా మేం ఆ దగ్గరతనం చూపి గెలవాలనుకోవడం లేదు. మాట ఏ భాషలో బతుకుతుందో ఆ భాష మాట్లాడేవాళ్లే దాని అర్థానికి హక్కుదారులు. హిందీవాళ్ల ఉపన్యాస్ వాళ్లది, మన ఉపన్యాసం మనది. హిందీ ఇండో-ఆర్య కుటుంబానిది, తెలుగు ద్రావిడ కుటుంబానిది. రెండూ ఒకే గని నుంచి తెచ్చుకున్న మాటలను వేర్వేరు పనులకు వాడుకున్నాయి.

సాహిత్యంలో ఉన్నవాళ్లకు ఈ తేడా రోజూ తగులుతూనే ఉంటుంది. హిందీలో 'ఆలోచనా' అంటే సాహిత్య విమర్శ. 1951లో మొదలైన ప్రసిద్ధ విమర్శ పత్రిక పేరు కూడా అదే. 'విమర్శ్' అంటే అక్కడ చర్చ, ఒక దృక్కోణం నుంచి సాగే ఆలోచన. అంటే మన ఆలోచనకు వాళ్ల మాట విమర్శ్, మన విమర్శకు వాళ్ల మాట ఆలోచనా. 'దళిత్ విమర్శ్', 'స్త్రీ విమర్శ్' అని వాళ్లు గౌరవంగా పిలుచుకునే ధోరణులను అక్షరం మార్చకుండా తెలుగులో పెడితే దళితుల మీద, స్త్రీల మీద విమర్శ అయి కూర్చుంటాయి. దళిత రచయిత తన జీవితానుభవం నుంచి కట్టుకున్న వాదాన్ని, అనువాదకుడు ఆ రచయిత మీద నిందగా మార్చి అచ్చువేస్తాడన్న మాట. దీన్ని చిన్న దోషమని ఎలా అనగలం?

ఇక హిందీలో చదువు అనే అర్థమున్న శిక్ష సంగతి. ఆరు వేదాంగాల్లో శిక్ష ఒకటని, అది ఉచ్చారణ నేర్పే శాస్త్రమని మాకూ తెలుసు. తెలుగులో నేర్పడానికి శిక్షణ అన్న మాట మిగిలింది, శిక్ష దండనకు స్థిరపడింది. కన్నడ, మలయాళాల్లోనూ దండన అర్థమే. 'సర్వ శిక్షా అభియాన్' అన్న బడి చదువుల పథకం వచ్చినప్పుడు కర్ణాటక దాన్ని సర్వ శిక్షణ అభియాన అని దిద్దుకుంది. తమిళనాడు అనైవరుక్కుం కల్వి ఇయక్కం అని సొంత పేరే పెట్టుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాజీవ్ విద్యా మిషన్ అన్నారు. ఎవరి పేరు తగిలించారన్నది అటుంచితే, విద్య అన్న మాటైనా వాడారు. 2018లో ఆ పథకం 'సమగ్ర శిక్ష'గా మారాక రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ పేరును ఉన్నదున్నట్టు దించుకున్నాయి. తరగతి గది గోడ మీద 'సమగ్ర శిక్ష' అని రాసి ఉంటుంది. దాని కిందే కూర్చుని పిల్లలు ఉరిశిక్ష, కారాగార శిక్ష అన్న మాటలను పాఠంలో చదువుకుంటారు. 1860 నాటి నేరాల చట్టాన్ని మనవాళ్లు చక్కగా శిక్షాస్మృతి అన్నారు. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చినది తెలుగు పత్రికల్లోనూ 'భారతీయ న్యాయ సంహిత'. నేరాల చట్టం పేరులోంచి శిక్ష పోయింది, బడి పేరులోకి వచ్చి చేరింది. ఇన్నేళ్లలో మన ప్రభుత్వాల్లో, మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో దీన్ని గట్టిగా అడిగినవాళ్లు ఎంతమంది?

దేశానికంతటికీ ఉమ్మడి పదజాలముంటే సౌకర్యమని కొందరు పెద్దలంటారు. ఒకరికి చదువైనది మరొకరికి దండనగా వినిపిస్తుంటే అందులో ఉమ్మడి ఎక్కడుంది? హిందీ తన పదసంపదకు ప్రధానంగా సంస్కృతం మీద ఆధారపడాలని రాజ్యాంగం 351వ అధికరణం చెప్పింది. అది హిందీకి చెప్పిన మాట. దాన్ని తెలుగు మీద రుద్దే అధికారం ఎవరికీ లేదు. 1961లో ఏర్పడిన సాంకేతిక పదావళి ఆయోగం సంస్కృత ధాతువులతో అఖిల భారత పదాలు కూర్చే పని పెట్టుకుంది. ధాతువు కలిసినంత మాత్రాన అర్థం కలవదని చెప్పాల్సిన పండితులు నోరు మెదపలేదు. పైగా తెలుగువాడి అర్థాన్ని భ్రష్టమన్నారు. రైతు వ్యవసాయమంటే సేద్యమే. హిందీలో అది వ్యాపారమని, గీతలో అది నిశ్చయమని చెప్పి ఆ రైతును దిద్దబోయేవాడు చేసేది పాండిత్యం కాదు, పెత్తనం. వాడుకే ప్రమాణమని గిడుగు రామమూర్తి పంతులు జీవితమంతా పోరాడింది క్రియారూపాల కోసం మాత్రమే కాదు. గ్రాంథికవాదులు ఆనాడు పాత కావ్యం చూపించి వాడుకను తప్పన్నారు. ఇప్పుడు హిందీ నిఘంటువు చూపించి అంటున్నారు. ఆగస్టు 29న ఆయన పటానికి దండవేసే సంస్థలు తమ ఆహ్వానపత్రాలు ఏ తెలుగులో అచ్చువేస్తున్నాయో ఒకసారి చూసుకోవాలి.

మా వరకు మేం ఒక నిర్ణయం తీసుకున్నాం. హిందీ నుంచి మాకు పంపే అనువాదాల్లో మూలంలోని ప్రతి సంస్కృత పదాన్ని పరభాషా పదంగానే చూసి తెలుగు చేయాలి. ఉపన్యాస్ నవల కావాలి, ఆలోచనా విమర్శ కావాలి, ఉద్యోగ్ పరిశ్రమ కావాలి. అలా చేయని వ్యాసాన్ని, రాసినవారు ఎంత పెద్దవారైనా, తిప్పి పంపుతాం. ఆ ఆహ్వానపత్రంలోని ప్రకటనను ఈ సంచికలో వేసుకోలేదు.