ఆశుస్వరానికి వ్యాఖ్యానం

కాళిదాసు కావ్యాలకు మల్లినాథుడు వ్యాఖ్యానం రచించాడు. అందుకు ఎవరూ ఆశ్చర్యపడరు. అవధాన సభలో క్షణమాత్రంలో పుట్టిన పద్యాన్ని సైతం వ్రాసుకొని, అందలి శ్లేషను, యతిమైత్రిని విప్పి చూసి ఆనందించే సంప్రదాయం మనకున్నది. తిరుపతి వేంకట కవుల అవధాన పద్యాలు గ్రంథస్థమై నేటికీ పఠింపబడుతున్నాయి. కాని రేడియోలో ఒక వైణికుడో, గిటారు విద్వాంసుడో ఆశువుగా వాయించిన ఒక నిమిషపు సంగీతాన్ని అదే శ్రద్ధతో పరిశీలిద్దామంటే, "సంగీతం వినడానికే గాని విప్పి చూడడానికా?" అని పెదవి విరిచేవారే ఎక్కువ. ఈ అభిప్రాయం సరికాదని నా నమ్మకం.

అమెరికాలో 1930ల చివరి భాగాన 'స్వింగ్' అనే జాజ్ సంగీతరీతి రాజ్యమేలింది. పెద్ద వాద్యబృందాలు, ఇత్తడి బాకాల హోరు. ఆ హోరులో గిటారు లయకు తోడుగా నిలవడమే తప్ప తన గొంతు వినిపించడం అరుదు. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ అనే నల్లజాతి యువకుడు విద్యుత్ గిటారుతో ఆ స్థితిని మార్చాడు. ఆయనకు ముందు ఆ వాద్యాన్ని పట్టినవారు లేకపోలేదు. దానికొక భాషను సమకూర్చినవాడు మాత్రం ఆయనే. క్షయవ్యాధితో 1942లో, 25 ఏళ్ళకే కన్నుమూశాడు. నాటి రేడియో ప్రసారాలను కొందరు డిస్కులపై ముద్రించి ఉంచినందువల్ల, ఆయన ఆశువుగా వాయించినది నేడు మనకు వినబడుతున్నది.

ఆ పాటలలో అనేకం 32 కొలతల చట్రంలో ఉంటాయి. కొలతకు 4 దెబ్బలు. 8 కొలతల ఖండం రెండుసార్లు, దానికి భిన్నమైన 8 కొలతల ఖండం ఒకసారి, తిరిగి మొదటి ఖండం. క్రిస్టియన్ మొదటి ఖండాలలో తరచు ఒక చిన్న స్వరపదాన్ని పట్టుకొని, స్వల్పమైన మార్పులతో మళ్ళీ మళ్ళీ పలికిస్తాడు. భిన్నఖండం రాగానే ఆ పొదుపు విడిచి, తెంపులేని దీర్ఘవాక్యం ఎత్తుకుంటాడు. ఆ వాక్యం కొలత ఆరంభం కాకమునుపే మొదలై, హద్దును దాటి ఎక్కడో ముగుస్తుంది. ఊనిక మనం ఎదురుచూసిన దెబ్బమీద పడదు. పాశ్చాత్య స్వరలిపిలో నేనింకా అక్షరాభ్యాస దశలోనే ఉన్నాను. అయినా తిక్కన పద్యం చదివిన చెవికి ఈ మర్మం కొత్త కాదు. అక్కడ పాదం ముగిసినా వాక్యం ముగియదు. గణం తెగినా పదం తెగదు. ఛందస్సు చెడదు, మాట నిలిచిపోదు.

మన దగ్గర దీనికి దీటైన ఉదాహరణ మాండొలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో జన్మించాడు. మాండొలిన్ మెట్లున్న వాద్యం; తంత్రులు జంటలుగా ఉంటాయి; మీటిన నాదం త్వరగా అణగారిపోతుంది. గమకమే ప్రాణమైన కర్ణాటక సంగీతానికి ఇది పనికిరాదన్నారంటే ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. ఆయన జంట తంత్రులకు బదులు 5 ఒంటి తంత్రులు అమర్చుకొని, విద్యుత్తు సాయంతో నాదాన్ని నిలిపి, గమకాన్ని సాధించాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. అనంతర కాలంలో జాజ్ గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి వేదిక పంచుకున్నాడు. 2014లో 45 ఏళ్ళకే మరణించాడు. ఆయన కల్పనస్వరాలు వినేటప్పుడు నాకు సమస్యాపూరణమే గుర్తుకు వస్తుంది. పూరణంలో చివరి పాదం ముందే ఇచ్చి ఉంటారు. స్వరకల్పనలో పల్లవి ఎత్తుగడ ముందే నిర్ణయమై ఉంటుంది. ఎంత దూరం విహరించినా అక్కడికే చేరాలి. చేరిన తీరులోనే ప్రతిభ ఉన్నది.

విశ్లేషిస్తే రసం చెడుతుందన్నది ఒక ఆక్షేపణ. వ్యాఖ్యానం చదివినందువల్ల మేఘసందేశం ఎవరికైనా చేదైందా? నేను నిజంగా భయపడేది మరొకందుకు. తిరుమలలో దొరికిన అన్నమాచార్యుల రాగిరేకులను చూడండి. ఆ మహనీయుడు 32 వేల సంకీర్తనలు రచించాడని ప్రతీతి. రేకులలో సాహిత్యం ఉన్నది, రాగం పేరు ఉన్నది. ఆయన పాడిన తీరు లేదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో పనిచేసిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి పండితులు వాటిలో ఎన్నింటికో కొత్తగా స్వరరచన చేయవలసి వచ్చింది. అన్నమయ్య కాలంలో ధ్వనిని నిలుపుకొనే సాధనం లేదు. మనకు ఉండి కూడ పోగొట్టుకొంటున్నాం. ఆకాశవాణిలో ఒకసారి ప్రసారమై గాలిలో కలిసిన కచేరీలు ఎన్నో. చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో రేడియో ముందు టేపురికార్డరు పెట్టి పట్టుకొన్న సంగీతాభిమానులు ఉండేవారు. ఆ క్యాసెట్లు ఇప్పుడు అటకలమీద బూజుపట్టి ఉంటాయి.

మీ ఇంట్లో అటువంటి క్యాసెట్టు ఒకటి దొరికితే పారవేయకండి. దానిమీద తేదీ, కళాకారుని పేరు వ్రాసి ఉన్నాయేమో చూసి, కంప్యూటరులోకి ఎక్కించండి. పిదప ఒక్క నిమిషపు భాగాన్ని ఎన్నుకొని పలుమార్లు వినండి. తొలిసారి చేతితో తాళం వేస్తూ, మలిసారి వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గుర్తిస్తూ, ఆ తరువాత తెలిసినంత మేరకు స్వరాలు కాగితంపై వ్రాస్తూ వినండి. తప్పులు పోతాయి; కొట్టివేసి మళ్ళీ వ్రాయండి.