రిటైరైన పెద్దల వైద్యం: లెక్క చూసుకుందాం, నిజం రాద్దాం

మన ఇళ్ళల్లో పదవీ విరమణ రోజున ఏం జరుగుతుంది? పూలదండలు, శాలువా, బిర్యానీ విందు. గ్రాట్యుటీ, పీఎఫ్ డబ్బు చేతికి రాగానే ఆడపిల్ల పెళ్ళి గురించి, సగంలో ఆగిన ఇంటి గురించి, హజ్ సంకల్పం గురించి మాట్లాడుకుంటాం. ఉద్యోగంతోపాటు కంపెనీ ఇచ్చిన గ్రూపు వైద్య బీమా కూడా చాలామందికి ఆ రోజుతోనే ముగిసిపోతుంది. ఆ సంగతి మనకు అప్పుడు తట్టదు. అర్ధరాత్రి ఆస్పత్రి కౌంటరు దగ్గర అడ్వాన్సు కట్టమన్నప్పుడే గుర్తొస్తుంది.

"అబ్బాయి గల్ఫ్‌లో ఉన్నాడు, వాడికి బీమా ఉంది కదా" అని ధీమాగా ఉండే తల్లిదండ్రులు ఎందరో! అక్కడి యజమాని ఇచ్చే కార్డు సాధారణంగా అక్కడ అతని వెంట ఉన్నవారికే. ఇక్కడ ఉన్న అమ్మీ మోకాలి ఆపరేషనుకు అది అక్కరకు రాదు.

మరి ఏం చేయాలి? ఏజెంటు రాగానే సంతకం పెట్టడం కాదు. ముందు మనకు ఇప్పటికే ఏముందో లెక్క చూసుకోవాలి. ప్రభుత్వ పింఛనుదార్లకు తమ తమ వైద్య పథకాలున్నాయి. అర్హత గల పేద కుటుంబాలకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉంది. 2023 డిసెంబరులో దాని పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఇక 70 ఏళ్ళు నిండినవారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఏడాదికి 5 లక్షల దాకా ఉచిత చికిత్స ఆయుష్మాన్ భారత్ కింద 2024 అక్టోబరులో మొదలైంది. భార్యాభర్తలిద్దరికీ 70 దాటితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే. ప్రైవేటు పాలసీ ఉన్నవారు కూడా దీనికి అర్హులే. అయితే పథకంలో ఉన్న ఆస్పత్రిలో చేరితేనే ఇది వర్తిస్తుంది. నెలనెలా మందుల ఖర్చు మనదే.

ఈ లెక్క తర్వాత మిగిలే ఖాళీని పూడ్చుకోవడానికే ప్రైవేటు పాలసీ. 60కీ 70కీ మధ్య ఉన్నవారికి ఆ ఖాళీ పెద్దది. బీమాలో అనిశ్చితి, వడ్డీ ఉన్నాయని ఉలమాలు పలువురు అభ్యంతరం చెబుతారు. ఆ సందేహం ఉన్నవారు తమకు నమ్మకమైన ఆలింను అడిగి తెలుసుకోవాలి. ప్రీమియం కట్టనవసరం లేని ప్రభుత్వ కార్డును మాత్రం బద్ధకంతో వదులుకోవద్దు.

పాలసీ తీసుకోదలచినవారు మూడు ప్రశ్నలు అడగాలి. బిల్లులో మన వాటా ఎంత? 20 శాతమంటే 2 లక్షల బిల్లులో 40 వేలు మనమే కట్టాలి. గది అద్దెకు పరిమితి ఉందా? దాన్ని మించిన గదిలో చేరితే ఆ నిష్పత్తిలో మిగతా బిల్లులోనూ కోత పడవచ్చు. పాత జబ్బులకు ఎన్నాళ్ళు ఆగాలి? 2024 నిబంధనల ప్రకారం అది మూడేళ్ళకు మించకూడదు.

పెద్ద పాలసీ భారమనుకుంటే చిన్న పాలసీ మీద 'సూపర్ టాపప్' ఉంది. మొదటి 3 లక్షలు చిన్న పాలసీ భరిస్తుంది, ఆపైది సూపర్ టాపప్ చూసుకుంటుంది అనుకుందాం. ఒకే ఏడాదిలో రెండుసార్లు 2 లక్షల చొప్పున బిల్లయితే మొత్తం 4 లక్షలు. సూపర్ టాపప్ ఆ పై లక్ష ఇస్తుంది. మామూలు టాపప్ అయితే ఒక్కో బిల్లునూ విడిగా చూస్తుంది, కనుక ఏమీ ఇవ్వదు. పేరులో ఒక్క మాట తేడా, చేతిలో లక్ష తేడా!

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. "షుగరు, బీపీ ఉన్నాయని రాయకండి, ప్రీమియం పెరుగుతుంది" అని సలహా ఇచ్చేవారుంటారు. మనం తలూపుతాం. రెండేళ్ళకు గుండెజబ్బు వస్తే పాత చీటీల్లో షుగరు బయటపడుతుంది, క్లెయిము తిరస్కరిస్తారు. కట్టిన సొమ్మూ పోతుంది, మాటా పోతుంది. వ్యాపారంలో సరుకు లోపం దాచడం తప్పని పిల్లలకు చెప్పే మనం, ఒప్పందపు కాగితం మీద ఒంటి జబ్బును దాచవచ్చా? నిజం రాసినందుకు ప్రీమియం పెరిగినా అది నిలబడే పాలసీ. అబద్ధం మీద తీసుకున్నది అవసరానికి ఆదుకుంటుందన్న భరోసా లేదు. ఫారం ఏజెంటు నింపినా సంతకం మనదే. పాలసీ అందాక 30 రోజుల్లోగా చదివి, నచ్చకపోతే తిప్పి ఇచ్చే హక్కు కూడా మనకుంది.

ఆరోగ్యం అల్లాహ్ అనుగ్రహం. ఆయన మీద భరోసా ఉంచడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. ఈ జుమా నమాజు తర్వాత భోజనాల దగ్గర అబ్బాజాన్ పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడుగుదాం: "మీకూ అమ్మీకీ ఏ కార్డు ఉంది? అది ఎంతవరకు వస్తుంది?" జవాబు తెలియకపోతే, తెలుసుకోవాల్సిన బాధ్యత పిల్లలమైన మనదే.