రథానికి రంగు కంటే ముందు రబ్బరు



వచ్చే సర్వసభ్య సమావేశంలో మన సంఘం వైకుంఠ రథం మరమ్మతు మీద చర్చ ఉంది. ఇప్పటికే రెండు వాదనలు నడుస్తున్నాయి. కొత్త రంగు, స్టీలు రెయిలింగు, దాతల పేర్ల బోర్డు చేయిద్దామని కొందరు పెద్దలు అంటున్నారు. బండిని ఇంకో రెండు అంగుళాలు దించి, బాడీ కింద గట్టి పాలీయురేథేన్ బుష్‌లు వేయిద్దామని కుర్రాళ్లు అంటున్నారు. బండి బాగోగులు చూసే మా నలుగురి మాట వేరు. ఉన్న డబ్బులో మొదటి రూపాయి బాడీ మౌంటింగ్ రబ్బర్లకే పెట్టాలి, అవి కూడా కంపెనీ కొలతల్లో ఉన్న మామూలు రబ్బర్లే కావాలి అంటున్నాం. ఎందుకో కాస్త ఓపిగ్గా చదవండి.

మన బండి పికప్. కింద నిచ్చెనలాంటి ఛాసిస్, దాని మీద కేబిన్ వేరుగా, వెనుక తొట్టి వేరుగా కూర్చుంటాయి. ఇనుము మీద ఇనుము నేరుగా ఆనకుండా మధ్యలో ఉండేవే ఈ రబ్బర్లు. పాడె ఎక్కించడానికి భుజాల ఎత్తుకు లేపాల్సి వస్తోందని, వయసు మళ్లినవాళ్లకు కష్టంగా ఉందని, కొన్నేళ్ల కింద మనమే వెనుక కమాన్ పట్టీల్లో రెండు తీయించి బండి దించాం. అప్పుడే మౌంటింగ్ రబ్బర్లు పాడైపోయాయని, పని చేసిన షెడ్డువాళ్లు పాత లారీ టైరు ముక్కలు కోసి పెట్టారు. "ఇవే గట్టివి" అన్నారు. తక్కువలో అయిపోయిందని మనమూ సంతోషించాం. ఆ సంతోషంలో మేమూ ఉన్నాం, దాచుకునేదేమీ లేదు.

దాని ఫలితం ఒక రాత్రి చూశాం. ఇక్కడి ఆసుపత్రి నుంచి ఒక పెద్దాయనను దెగ్లూరు వైపు ఊరికి తీసుకెళ్తున్నాం. నర్సీ దాటాక గుంత వచ్చిన ప్రతిసారీ తొట్టి ఛాసిస్ మీద ధనాధన్ కొడుతోంది. ఆయన భార్య పక్కనే కూర్చుని రెండు చేతులతో ఆయన తల పట్టుకుంది. కాసేపటికి కేబిన్ అద్దం మీద తట్టి, "బిడ్డా, జర మెల్లగ పోనియ్యున్రి, ఆయన తల కొట్టుకుంటున్నది" అంది. మెల్లగానే పోయాం. అయినా ఊరు వచ్చేదాకా ఆమె చేతులు తీయలేదు.

మర్నాడు బండి కిందికి దూరి చూస్తే రెండు టైరు ముక్కలు జారిపోయి ఉన్నాయి. ఒక బోల్టు రంధ్రం కోడిగుడ్డులా సాగింది. కేబిన్ నేల రేకు మౌంటింగ్ దగ్గర చీలింది.

మన బండి గోవర్ధన్ ఘాట్ దాకా పోయి వచ్చేదే అయితే ఇంత రాసేవాళ్లం కాదు. 1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని విడదీసినప్పుడు నాందేడ్ బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చింది. చుట్టరికాలు మాత్రం బోధన్, నిజామాబాద్, భైంసాల్లోనే ఉండిపోయాయి. కాబట్టి మన ఎంహెచ్-26 బండి సరిహద్దు దాటి పోతూనే ఉంటుంది. బుష్ ఎంపిక ఆ దూరాన్ని, ఆ రోడ్లను చూసి చేయాలి.

ఇప్పుడు మన ముందున్న దారులు చూద్దాం.

టైరు ముక్కలు, చెక్క దిమ్మెలు మొదటి దారి. టైరులో నూలు పొరలు, తీగలు ఉంటాయి. అది గాలి నింపుకుని తిరగడానికి చేసినది, బోల్టు కింద నలగడానికి కాదు. చెక్క వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది, బోల్టు వదులవుతుంది. ఈ దారి మనం చూసేశాం.

ఇనుప లేదా అల్యూమినియం దిమ్మెలు రెండోది. రేసు బండ్లకు వాడతారు. గుంతల రోడ్డు మీద ఛాసిస్ మెలి తిరుగుతుంది, తిరగాలి కూడా. ఆ మెలికను మధ్యలో ఏదీ మింగకపోతే అది నేరుగా కేబిన్ రేకులోకి పోతుంది.

మూడోది కుర్రాళ్లు చెప్తున్న పాలీయురేథేన్. వాళ్ల మాటలో నిజం ఉంది. నూనె, డీజిల్ దాన్ని త్వరగా పాడు చేయవు, ఏళ్ల తరబడి అణగదు. కానీ గట్టిదనం కొలిచే షోర్-ఎ లెక్కలో రబ్బరు మౌంటింగ్ సాధారణంగా 50-70 మధ్య ఉంటే, ఇది 80-95 మధ్య ఉంటుంది. బండి మలుపులో ఊగకుండా బిగువుగా ఉంటుంది, దానికి బదులుగా రోడ్డు అదురంతా పైకి పంపుతుంది. ఖాళీ రోడ్డు మీద సరదాగా తోలేవాడికి అది మంచిదే. మన బండిలో కూర్చునేది ఎవరో గుర్తు చేసుకోండి.

నాలుగోది కంపెనీ రబ్బరు. దానికీ లోపాలున్నాయి. ఇక్కడ ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి, ఆ వేడికి ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పగులుతుంది, నూనె తగిలితే ఉబ్బుతుంది. కొన్నేళ్లకోసారి మార్చక తప్పదు. అయినా అదురును తనలోనే చంపేసుకునే గుణం దానికే ఎక్కువ.

ఇక దించే సంగతి. రబ్బర్ల ఎత్తు కోసి బాడీని ఇంకో అంగుళం దించవచ్చని ఒక తమ్ముడు అన్నాడు. రబ్బరును నొక్కితే దాని పరిమాణం తగ్గదు, పక్కలకు ఉబ్బుతుంది. పలచగా కోస్తే ఉబ్బే చోటు పోతుంది. ఎత్తు సగమైతే గట్టిదనం రెట్టింపును దాటుతుంది. పైగా పట్టీలు తీయడంతో ఇరుసుకు, బంప్ స్టాప్‌కు మధ్య ఖాళీ ఇప్పటికే తగ్గింది. అది కొట్టిన ప్రతి దెబ్బా ఛాసిస్‌కు, అక్కడి నుంచి ఈ రబ్బర్లకు చేరుతుంది. అంటే దించిన బండికి మామూలు బండి కంటే మంచి రబ్బరు కావాలి. మనం చేసింది సరిగ్గా దానికి ఎదురు.

అమెరికాలో బండ్లను నేలకు ఆనేలా దించే సరదా ఎప్పటినుంచో ఉంది. చక్రం రిమ్ము కంటే కిందికి బాడీ దిగకూడదని కాలిఫోర్నియా 1958లోనే చట్టం తెచ్చింది. మన దగ్గర కట్టడి ఇంకా గట్టిది. తయారీదారు ఇచ్చిన అసలు రూపానికి విరుద్ధంగా బండిని మార్చడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో కేరళ కేసులో చెప్పింది. అదే ఏడాది మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు అని పెట్టారు. కాబట్టి కాగితాలు పట్టుకుని మనమే ఆర్‌టీఓ దగ్గరికి పోదాం. కుదరదంటే తీసిన పట్టీలు తిరిగి వేయించి, పాడె జరపడానికి వెనుక రోలర్లున్న మడత మెట్టు పెట్టుకునేందుకు అనుమతి అడుగుదాం. బండి కింద ఉన్నా పైన ఉన్నా ఈ రబ్బర్లు మాత్రం కావాల్సిందే.

కొనేటప్పుడు, వేయించేటప్పుడు మా సూచనలు ఇవి. పాడైనవి రెండే అని రెండే మార్చొద్దు, సెట్టు మొత్తం ఒకేసారి మార్చాలి. దుకాణంలో ఏళ్లుగా పడి ఉన్న సరుకు వద్దు, గోటితో నొక్కి, వంచి, పగుళ్లు చూడాలి. పై రబ్బరు, కింది రబ్బరు, మధ్యలో ఇనుప గొట్టం, వాషర్లు అన్నీ ఉండాలి. ఆ గొట్టం లేకుండా బిగిస్తే రబ్బరు మొదటి రోజే నలిగిపోతుంది. రంధ్రంలోకి జారడానికి డీజిల్ పూయనీయకండి, సబ్బు నీళ్లు చాలు. చీలిన రేకు, సాగిన రంధ్రం ముందు వెల్డింగ్ చేయించాలి. బోల్టులు టార్క్ రెంచ్‌తో కంపెనీ లెక్క ప్రకారం బిగించి, 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి.

మూడు దుకాణాల్లో ధరలు కనుక్కున్నాం. రంగు పనికి అడిగినదాంట్లో చిన్న భాగంతో పూర్తి సెట్టు వస్తుంది. దాతల పేర్లు రాయించడం తప్పని మేము అనడం లేదు, ఇచ్చినవాళ్ల పేరు నిలవాలి. డబ్బు మిగిలితే రాయిద్దాం. రబ్బర్ల మీద మాత్రం ఎవరి పేరూ రాయలేం, అవి ఎవరికీ కనిపించవు కూడా. అందుకే వాటికి దాతలు దొరకడం కష్టం, అందుకే ఆ ఖర్చు సంఘమే పెట్టుకోవాలి.

ఆ రాత్రి ఆ అమ్మ బండి రంగు చూడలేదు, బోర్డు చదవలేదు. ఆమె అడిగింది ఆయన తల కొట్టుకోకుండా చూడమని మాత్రమే. సమావేశంలో చేయి ఎత్తేటప్పుడు ఆ మాట గుర్తుంచుకోండి.