పాత లారీని సంఘము కొనవలెనా?



కొత్తగూడెము చుట్టుపట్ల గ్రామములలోని సంఘ సభ్యులు కొందరు నన్నొక ప్రశ్న అడుగుచున్నారు. బొగ్గు తోలిన పాత పెద్ద లారీ యొకటి చవుకగా వచ్చుచున్నదట. దానిని సంఘము పక్షమున కొన్నచో మన మిర్చియు, పత్తియు, ఆయిల్ పామ్ గెలలును మన బండిమీదనే పోవుననియు, కిరాయి సొమ్ము మనకే మిగులుననియు వారి తలంపు. ఈ కోరికను నేను తప్పుపట్టను. పంట చేతికి వచ్చిన దినములలో లారీ యజమాని యెంత చెప్పిన నంత ఇచ్చుకొన్న రైతు బాధ నేనెరుగుదును. అయినను ఈ కొనుగోలు మన సంఘములలో పెక్కింటికి తగదని నా అభిప్రాయము. అందులకు కారణములు మనవి చేసెదను.

మన ప్రాంతమున లారీపై మోజు పుట్టుట సహజమే. 1871లో డాక్టరు కింగ్ ఇల్లెందు చెంత బొగ్గును కనుగొనెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేర ఏర్పడెను. నేడు ఓపెన్‌కాస్టు గనులనుండి రేయింబవళ్లు లారీలు పోవుచుండుట మన పిల్లలు సైతము చూచుచున్నారు. బొగ్గు తోలి బాగుపడినవారిని చూచి, మనమేల బాగుపడరాదని యనుకొందుము. కాని ఒక్క భేదమును గమనింపుడు. బొగ్గుకు ఋతువు లేదు. గుత్తేదారు లారీకి ఏడాది పొడుగున బరువు దొరకును. మన మిర్చికిని పత్తికిని కొన్ని నెలలే కాలము. తక్కిన దినములలో లారీ చెట్టుక్రింద నిలిచియుండును. ఎద్దు నిలిచియున్న పేడయైన నిచ్చును; లారీ నిలిచియున్న ఖర్చు మాత్రమే ఇచ్చును.

మిషను బడిలో మాకు లెక్కలు చెప్పిన అయ్యవారు, ఏ వస్తువు కొనదలచినను కాగితము నడుమ గీత గీసి, వాడినను వాడకున్నను తప్పని ఖర్చు ఒకవైపు, వాడినప్పుడే అగు ఖర్చు మరియొకవైపు వ్రాయుమనెడివారు. అట్లే చేయుదము. డ్రైవరు జీతము, బీమా, పన్ను, ఫిట్‌నెస్, ఎండకు పాడగు టైర్లు, పెట్టుబడిపై వడ్డీ, ఇవి తప్పనివి. ఉదాహరణకు ఇవన్నియు సాలుకు 4,00,000 రూపాయలనుకొందము. మన సరకు 40 ట్రిప్పులు మాత్రమే యున్నచో, బండి కదలకముందే ట్రిప్పుకు 10,000 రూపాయలు పడును. 200 ట్రిప్పులు తిప్పువానికి 2,000 మాత్రమే పడును. ఇక ఖమ్మము మార్కెటుకు రాకపోకలు సుమారు 160 కిలోమీటర్లు. పాత ఇంజను లీటరుకు నాలుగు కిలోమీటర్లు పోవుననుకొన్నను 40 లీటర్ల డీజిలు కావలెను. ఇప్పుడు మీ ఊరి కిరాయితో పోల్చి చూచుకొనుడు. లారీ ధర ఎంతయని మొదట అడుగరాదు. దానికి సాలుకు ఎన్ని దినముల పని కలదని అడుగవలెను.

ఇక చట్టము సంగతి. ఎనిమిదేండ్లు దాటిన సరకు లారీకి ఏటేట ఫిట్‌నెస్ పత్రము తీసికొనవలెను. పదునైదేండ్లు దాటిన పెద్ద లారీకి ఆ రుసుము 2022 ఏప్రిల్ 1 నుండి 12,500 రూపాయలాయెను. అటుపిమ్మటను రేట్లు మారుచున్నవి గనుక దరఖాస్తునాటి రేటును విచారింపవలెను. ప్రభుత్వమువారివి, ప్రభుత్వరంగ సంస్థలవి యైన వాహనములు పదునైదేండ్లు నిండిన పిమ్మట రోడ్డుమీద తిరుగరాదని, తుక్కు క్రింద పోవలెనని 2023 ఏప్రిల్ 1 నుండి నియమము కలదు. కావున “కంపెనీ బండి, మంచి బండి” యని ఎవరైన ముసలి వాహనమును చూపినచో కాగితములు చూడనిదే బయానా ఇయ్యకుడు. ఏబదియేండ్లు దాటిన వాహనములకు 2021లో వింటేజి రిజిస్ట్రేషను ఏర్పాటైన మాట నిజమే. అది స్వంత వేడుకకేగాని సరకు తోలి సంపాదించుటకు కాదు.

మరియొక అపాయము కలదు. లారీ ఊరిలోనున్నచో మిర్చి కోతకు కూలీలను దానిపై ఎక్కించి పంపుదమను బుద్ధి పుట్టును. సరకు బండిలో మనుష్యులను కుక్కి తీసికొనిపోవుట చట్టవిరుద్ధము. ప్రమాదము జరిగినచో ప్రాణనష్టమునకు తోడు, బీమావారు చెల్లింప నిరాకరించిన భారము సంఘముపై పడును. అప్పుడు పోవునది మీ వాటాధనమే.

ఆయిల్ పామ్ రైతుల సంగతి కొంత వేరు. వారికి పది పదునైదు దినముల కొకసారి ఏడాది పొడుగున కోత యుండును. గనుక తోటలు దగ్గరదగ్గరగానున్న సంఘమునకు లారీ గిట్టుబాటు కావచ్చును. కాని వారికే పాత లారీ మరింత పనికిరాదు. గెల కోసిన యొక దినములోగా ఫ్యాక్టరీకి చేరుట మంచిది. ఆలస్యమైనకొలది పండులో ఆమ్లము పెరిగి నూనె నాణ్యము చెడును. అశ్వారావుపేట త్రోవలో బండి చెడి రెండు దినములు నిలిచినచో నష్టము మరమ్మతు ఖర్చుతో తీరదు. బొగ్గు పది దినములు ఆగినను బొగ్గే. గెల ఆగినచో గెల కాదు.

ఇంత చెప్పినను కొనుటకే నిశ్చయించినచో, తెలిసిన మేస్త్రీని వెంట తీసికొనిపొండు. తెల్లవారుజామున ఇంజను చల్లగా నున్నప్పుడు స్టార్టు చేయించి పొగను చూడుడు. స్ప్రింగుల కొక్కెములవద్ద చాసిస్ పగిలి అతుకులు పడినదేమో చూడుడు. తడిబొగ్గు మోసిన బండికి అడుగు రేకు త్రుప్పు పట్టియుండును. రంగు చూచి మోసపోవలదు. పన్ను బాకీలు, చలానాలు, ఫైనాన్సు అప్పు తీరిన పత్రము, అన్నియు కార్యదర్శి స్వయముగా విచారింపవలెను.

నా సలహా యిది. ఈ సాలు లారీ కొనకుడు. కోతకు రెండు నెలల ముందే సభ్యులందరి సరకు లెక్క వ్రాసికొని, ఇన్ని ట్రిప్పులు ఇప్పింతుమని ఒకే లారీ యజమానితో వ్రాతమూలకముగా కిరాయి ఒప్పందము చేసికొనుడు. ఒంటరి రైతుకు తగ్గని కిరాయి నూరుగురి సరకుకు తగ్గును, సంఘబలమన నిదియే. ప్రతి ట్రిప్పును చిట్టాలో వ్రాయుడు. సాలు చివర ఆ చిట్టాను మహాజనసభ ముందుంచుడు. ట్రిప్పుల సంఖ్యయే లారీ కావలెనో వద్దో చెప్పగలదు. అప్పుడు కొనవలసివచ్చినచో వయసు తక్కువ బండినే కొందము, లెక్క తెలిసి కొందము.