ఫొటో పెద్దది, వాక్యం చిన్నది

ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో 1866 తర్వాత క్రైస్తవంలోకి వస్తామన్న మాదిగ కుటుంబాలకు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పనికి పోకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఇవి చిన్న మాటలు, కానీ ఆచరించబోతే ఒక్కొక్కటీ కూటికి ఎసరు పెట్టేదే. ఆదివారం రానంటే ఆసామి ఊరుకోడు. జాతరలో డప్పు కొట్టనంటే ఊరే ఊరుకోదు. కొన్ని ఊళ్లలో వాళ్లను పనుల్లోకి పిలవడం మానేశారు, నీళ్లకు అడ్డం పడ్డారు, బజారులో సరుకు అమ్మలేదు. అయినా ఆ కుటుంబాలు వెనక్కి తగ్గలేదు. వాళ్లలో మొదట చెప్పుకోవాల్సినవాడు తాళ్లకొండపాడు యర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసుకుంటూ, రాజయోగ గురువుల దగ్గర శిష్యరికం చేసి, చివరికి దాన్నీ వదులుకుని వచ్చినవాడు. విగ్రహం వద్దన్న మాటకు ఈ మైదానంలో ఖరీదు చెల్లించినవాళ్లు ఇలాంటి నిరుపేదలు. వాళ్ల మునిమనవళ్లు కూర్చునే మందిరాల్లో ఇవాళ ఏ విగ్రహం నిలబడిందో అడిగే హక్కు ఆ చరిత్రే మనకిస్తోంది.

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో చాలా క్రైస్తవ ఇళ్ల గోడలకు జనవరిలో కొత్త క్యాలెండరు వేలాడుతుంది. పై సగమంతా కోటు వేసుకుని మైకు పట్టుకున్న దైవజనులు. పక్కన పాస్టరమ్మగారు. కింద, కాస్త చిన్న సైజులో, వారసుడు కాబోయే అబ్బాయి. వెనక మబ్బులు, మబ్బుల్లోంచి వెలుతురు. ఆ ఏటి వాగ్దాన వాక్యం అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదీ చాలాసార్లు సగం వచనమే. దాని కింద ఫోను నంబరు, బ్యాంకు ఖాతా, యూపీఐ కోడు. ఊరి సెంటర్లో ఫ్లెక్సీదీ ఇదే కొలత. పాస్టరుగారి పుట్టినరోజు, పెళ్లిరోజు, మందిర వార్షికోత్సవం అన్నీ సంఘం పండగలే. గజమాల, పూలవాన, వేదిక మీద సింహాసనంలాంటి కుర్చీ. పొద్దున పొలం పనికి పోయి రాత్రి ప్రార్థన నడిపే పాస్టర్లు ఈ రెండు జిల్లాల్లో కోకొల్లలు. వాళ్ల ముఖాలు ఏ ఫ్లెక్సీ మీదా కనపడవు. ఈ మాటలు వాళ్ల గురించి కావు.

దండ వేస్తే తప్పా అనేవాళ్లు అపొస్తలుల కార్యములు పద్నాలుగో అధ్యాయం తీసి చూడాలి. లుస్త్రలో పౌలు ఒక కుంటివాణ్ణి నడిపించాడు. ఊళ్లోవాళ్లు అతణ్ణీ బర్నబానూ దేవుళ్లనుకుని ఎడ్లనూ పూదండలనూ పట్టుకొచ్చారు. ఆ ఇద్దరూ బట్టలు చించుకుని జనంలోకి ఉరికారు, మేమూ మీలాంటి మనుషులమేనని కేకలు పెట్టారు. అదే పుస్తకంలో రోమా శతాధిపతి కొర్నేలీ కాళ్ల మీద పడితే పేతురు అతణ్ణి లేవనెత్తాడు. దండ దగ్గర పౌలు బట్టలు చించుకున్నాడు, మన వేదికల మీద దండ మోయడానికి క్రేను కావాల్సి వస్తోంది. అంతకన్నా లోతైన సంగతి యూదా రాజు హిజ్కియా కథలో ఉంది. అరణ్యంలో పాములు కరిచినప్పుడు దేవుడు చెప్పగా మోషే చేసిన ఇత్తడి సర్పం ఒకటుండేది. ఎందరినో బతికించింది. తరాలు గడిచాక జనం దానికే ధూపం వేయడం మొదలుపెడితే హిజ్కియా దాన్ని ముక్కలు చేశాడు. ఒకప్పుడు మేలు చేసిందనో, దేవుడే ఇచ్చాడనో దాన్ని వదిలిపెట్టలేదు. స్వస్థత వరం నిజంగా ఉన్న మనిషికైనా ఈ కథే వర్తిస్తుంది.

విగ్రహం అనగానే మన ప్రొటెస్టంట్ సోదరులు గుణదల కొండ వైపో, ఫిరంగిపురం బాలయేసు గుడి వైపో వేలు చూపిస్తారు. గౌరవించడానికీ ఆరాధించడానికీ మధ్య గీత ఎక్కడుందో కథోలిక సంఘం 787లో రెండో నీకేయా మహాసభలోనే తేల్చుకుంది. ఆ గీత సరిగ్గా ఉందా లేదా అన్నది వేరే చర్చ. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: మరియమ్మ విగ్రహం తన కుర్చీని కొడుక్కి రాసివ్వదు. ఇరుగుపొరుగు హిందువుల దేవుళ్లను వేదిక మీద ఎగతాళి చేసే ప్రసంగీకులకైతే ఈ విషయంలో నోరెత్తే అర్హతే లేదు. ముందు తమ వెనకున్న ఫ్లెక్సీ కొలత చూసుకోవాలి.

అయితే తప్పంతా వేదిక మీదున్నవాడిదే అనుకుంటే సగం సంగతే చూసినట్టు. ఆ మనిషిని అక్కడ కూర్చోబెట్టింది కింద కూర్చున్న మన కోరిక. మిర్చి యార్డుకు సరుకు తోలిన రైతుకు కమీషన్ ఏజెంటు సంగతి తెలుసు. కొనేవాడితో మాట్లాడేది అతనే, రేటు తెచ్చేది అతనే, ముందే అప్పిచ్చి కట్టేసుకునేదీ అతనే. మందిరంలోనూ అలాంటివాడినే వెతుక్కుంటున్నాం. ఆయన ప్రార్థిస్తే రేటు వస్తుంది, ఆయన నూనె రాస్తే రోగం పోతుంది, ఆయన పలికితే అప్పు తీరుతుంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దాన కార్డులో రెట్టింపు దీవెన రాసి ఉంటుంది. 2021-22లో తామర పురుగు మిరప తోటల్ని ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టినప్పుడు, 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చినప్పుడు ఆ కార్డులు ఏం చేశాయి? చాలా చోట్ల వచ్చిన జవాబు ఒక్కటే: నీ విశ్వాసం చాలలేదు, దశమభాగం సరిగా ఇవ్వలేదు. వాగ్దానం చేసినవాడి మీదికి నింద పోదు, నమ్మినవాడి మీదికే వస్తుంది. సిలువ గురించి, పొరుగువాడి గురించి, పాపం గురించి మాట వినపడదు. నా పొలం, నా వీసా, నా ఇల్లు అన్న జాబితాను దేవుడి ముందు పెట్టి సంతకం అడుగుతున్నాం. అలాంటి ప్రార్థనలో ఆరాధన అందుకునేది దేవుడు కాదు, ఆ జాబితా రాసుకున్న మనమే. (కులం సంగతీ ఉంది. ఫలానా సంఘమంటే ఫలానా కులమని ఊళ్లో చిన్నపిల్లాడికీ తెలుసు. వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి జాషువా పడ్డ అవమానాలు ఆ కుల విగ్రహం ఎంత పాతదో చెబుతాయి. దానికి ఇంకో వ్యాసం కావాలి.)

ఈ వాదనకు బలమైన అభ్యంతరం ఒకటుంది. కారంచేడు, చుండూరు దళితుల ఊచకోతలు జరిగిన నేల ఇది. ఊరి సెంటర్లో ఎప్పుడూ ఆసాముల, నాయకుల బొమ్మలే చూసిన పాలెంవాళ్లకు తమవాడి ముఖం పదడుగుల ఎత్తున కనపడితే అది విగ్రహారాధన కాదు, ఆత్మగౌరవం అంటారు. ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. తలపాగా తీసి పక్కకు జరగాల్సిన మనిషి మనవడు కోటు వేసుకుని వేలమంది ముందు మాట్లాడటం చిన్న సంగతి కాదు. కానీ ఆ గౌరవంలో పాలేనికి దక్కేది ఎంత? తమవాడి కారు దిగే తలుపు తీయడానికి తమవాళ్లే పోటీ పడుతుంటే, అతని ముందు కింద కూర్చుంటుంటే, లెక్క అడిగితే వెలి వేస్తారని భయపడుతుంటే, పేరు మారింది తప్ప ఆసామి మారలేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలయ్యాయి. నీళ్లలో దిగి వాటిని ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున, అలసినప్పుడు వంతులు మార్చుకుంటూ. ఆ ఆరుగురి పేర్లు ఈరోజు సంఘాల్లో ఎవరినడిగినా చెప్పలేరు. పాలేనికి ఆత్మగౌరవం తెచ్చింది మాత్రం వాళ్లే.

ఆ రోజు వెనక ఇంకో సంగతుంది. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బాప్తిస్మం ఇవ్వమని జనం బతిమాలినా కరువు తీరేదాకా ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదనుకున్నాడు. దీవెన చూపించి మనిషిని లాక్కోవడానికి అంతకన్నా మంచి అదను మళ్లీ దొరకదు. దాన్ని వదులుకున్నాడు. క్లౌను జనం దొర అన్నారు, ఆయన చుట్టూ అధికారం పేరుకుందన్నదీ నిజమే. అయినా ఆ ఒక్క నిర్ణయంతో పోల్చి చూస్తే నేటి రెట్టింపు దీవెనల కార్డు ఎంత దూరం వచ్చేసిందో తెలుస్తుంది.

రెండో అభ్యంతరం వేదిక మీది నుంచే వస్తుంది: అభిషిక్తుణ్ణి ముట్టకూడదు, దావీదు సౌలు మీద చెయ్యి వేయలేదు కదా అని. దావీదు కత్తి దూయలేదు, నిజమే. కానీ గుహలోంచి బయటికొచ్చి, సౌలును కేకేసి పిలిచి, అతని తప్పును ముఖాన చెప్పాడు. ఆ దావీదే రాజయ్యాక నాతాను ప్రవక్త అతణ్ణి నిలదీశాడు. పైగా కొత్త నిబంధనలో అభిషేకం ఏ ఒక్కరి సొత్తూ కాదు, విశ్వాసులందరిదీ. లూథరన్లయినా బాప్టిస్టులయినా ఈ నేలకు తెచ్చిన మూలసూత్రం అదే. పాత మిషన్ సంఘాలు ఏమంత పుణ్యభూములని అడగొచ్చు. 1927లో ఏర్పడ్డ ఆంధ్ర సువార్త లూథరన్ సంఘంలో పదవుల కోసం, ఆస్తుల కోసం కోర్టుకెక్కిన గొడవలు ఎవరికీ తెలియనివి కావు. కానీ దావా వేయడానికి అక్కడ ఒక నియమావళి ఉంది, ఎన్నికలున్నాయి, పద్దు ఉంది. సొంత ట్రస్టు, అందులో భార్యాపిల్లలే సభ్యులు, స్థలం పాస్టరు పేరున ఉంటే దావా దేని మీద వేస్తారు? ఎక్కడా చందా అడగకుండా, 2000లో హైదరాబాదులో కన్నుమూసేదాకా బ్రదర్ అన్న పిలుపుతోనే గడిపిన భక్తసింగ్ లాంటి ఉదాహరణలు మన మధ్యే ఉన్నాయి. అలా నడపడం సాధ్యమేనన్నదానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇక మిగిలింది ఇంటిగుట్టు మాట. మైనారిటీల మీద ఒత్తిడి పెరుగుతున్న రోజుల్లో ఈ సంగతులు పత్రికకెక్కిస్తే ఎదుటివాడి చేతికి కర్ర ఇచ్చినట్టు కాదా అంటారు. దేశానికి ముప్పు ముంచుకొస్తున్న రోజుల్లోనే యిర్మీయా ప్రవక్త యెరూషలేము దేవాలయ ద్వారంలో నిలబడి ఆ దేవాలయాన్ని నమ్ముకోవద్దని చెప్పాడు. ద్రోహి అన్నారు, బొండలో బిగించారు. ఊరు కూలింది ఆయన చెప్పినందుకు కాదు.

సంఘస్థులకు ఒక విన్నపం. వచ్చే డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు వెళ్లినప్పుడు రెండు కాగితాలు అడగండి. ఒకటి ఆ ఏటి జమాఖర్చుల పద్దు, రెండోది మందిరం స్థలం ఎవరి పేరున ఉందో చూపే దస్తావేజు నకలు. ఇస్తే సంతోషంగా కానుక వేయండి. ఇవ్వకపోతే ఆ నెల దశమభాగం మీ పాలెంలో పిల్లల ఫీజుకు కట్టండి. మరుసటి ఆదివారం వెళ్లి మళ్లీ అడగండి.