ఆ తలుపు నెలకోసారి తట్టండి: రెండు తెలుగు రాష్ట్రాల డీజీపీలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పోలీసు డైరెక్టర్ జనరల్ గార్లకు,



తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఆ పేరు వినగానే ఎవరికైనా గుర్తొచ్చేవి ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్, కొడుకుల మీద భరణం కేసులు, రాసిచ్చిన ఇంటిని వెనక్కి తెప్పించుకోవడం. ఆ చట్టం కింద కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా నియమాల్లో పోలీసులకు అప్పగించిన పని కూడా ఒకటుంది. దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. ప్రతి స్టేషన్ తన పరిధిలోని వయోవృద్ధుల జాబితా రాసి పెట్టుకోవాలి. ఇంట్లో చిన్నవాళ్ళెవరూ లేకుండా ఉంటున్నవాళ్ళ పేర్లు అందులో తప్పనిసరిగా ఉండాలి. స్టేషన్ తరఫున ఒకరు, వీలైనంతవరకు ఒక సామాజిక కార్యకర్తనో వాలంటీరునో వెంటబెట్టుకుని, నెలకు కనీసం ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి రావాలి. స్టేషన్‌కొక వాలంటీర్ల కమిటీ ఉండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో ఈ చట్టానికి తన నియమాలు చేసుకుంది. తర్వాత రాష్ట్రం రెండయింది. ఒంటరి పెద్దలు రెండు చోట్లా ఉన్నారు.

ఈ ఉత్తరం ఆ ఒక్క పని గురించే.

ఉపాధ్యాయురాలిగా రిటైరయ్యాక నేనూ, నాలాంటి మరికొందరూ మా ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న పెద్దల ఇళ్ళకు వెళ్ళి కాసేపు కూర్చుని వస్తున్నాం. మాకు సంస్థ లేదు, బోర్డు లేదు. నెలనెలా స్టేషన్ నుంచి మనిషి వచ్చి పలకరిస్తాడని మేం వెళ్ళే ఏ ఇంట్లోనూ ఎవరూ చెప్పలేదు.

ఒంటరి పెద్దలనగానే అమెరికాలో కొడుకు, ఆస్ట్రేలియాలో కూతురు, అపార్ట్‌మెంటులో మిగిలిపోయిన దంపతులు మన కళ్ళ ముందు మెదులుతారు. వాళ్ళ బాధ చిన్నదని అనను. అయితే వాళ్ళకు కింద వాచ్‌మన్ ఉంటాడు, రాత్రికి వీడియో కాల్ వస్తుంది, హైదరాబాద్ లాంటి చోట డబ్బు కడితే తోడుకు మనిషిని పంపే కంపెనీలూ ఉన్నాయి. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయికి, కడప పల్లెల నుంచి కువైట్‌కి, పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి పట్నాల్లో కట్టుబడి పనులకు పోయినవాళ్ళ తల్లులూ తండ్రులూ కూడా ఇంటి దగ్గరే ఉండిపోయారు. 60 దాటినవాళ్ళలో నూటికి దాదాపు ఆరుగురు ఒక్కరే ఉంటున్నారని 2017-18లో వయసు మళ్ళినవాళ్ళ మీద దేశవ్యాప్తంగా జరిగిన లాసీ సర్వే తేల్చింది. అలా ఉంటున్నవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ.

భర్త పోయాక పిల్లల దగ్గరికి వెళ్ళి, అక్కడ ఇమడలేక సొంత గూటికి తిరిగొచ్చిన తల్లులు మాకు చాలామంది తెలుసు. రేషన్ బియ్యం ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తారీఖున పింఛను గడప దగ్గరికే వస్తుంది. ఆ పింఛను తెచ్చిన ఉద్యోగి తప్ప నెల మొత్తం మీద మరో బయటి మనిషి గడప తొక్కని ఇళ్ళున్నాయి. అతనేమో వేలిముద్ర పడిందో లేదో చూసుకుని పక్కింటికి పరుగెత్తాలి, చేతిలో ఉన్న జాబితా పూర్తి చెయ్యాలి. "కూర్చో నాయనా, మజ్జిగ తాగి పోదువుగాని" అంటే కూర్చునే తీరిక అతనికి లేదు. తప్పు పట్టలేం.

పలకరింపులకూ పోలీసులకూ ఏం సంబంధమని మీ సిబ్బందిలో కొందరు అనుకోవచ్చు. డిజిటల్ అరెస్టు మోసాల్నే తీసుకోండి. వీడియో కాల్‌లో ఖాకీ చొక్కావాడు కనిపిస్తాడు. మీ పేరు మీద వచ్చిన పార్శిల్లో మత్తుమందు దొరికిందంటాడు, మీ ఆధార్‌తో ఎవరో నల్లడబ్బు మార్చారంటాడు. ఆ తర్వాత అనే మాటలోనే అసలు ఉచ్చు ఉంది: ఎవరికీ చెప్పొద్దు, గది దాటొద్దు. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే "ఎవరమ్మా ఫోన్లో?" అని అడుగుతారు. చాలాసార్లు మోసం అక్కడితోనే ఆగిపోతుంది. అడిగే దిక్కు లేనివాళ్ళు గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ఆ ఫోను ముందే కూర్చుని, జన్మంతా దాచుకున్నది దొంగల ఖాతాల్లో వేస్తున్నారు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి కూడా మన్ కీ బాత్‌లో ఈ మోసం గురించి హెచ్చరించారు. సైబర్ మోసాలపై ఫిర్యాదుకున్న 1930 నంబరు గురించి మీరూ ప్రచారం చేస్తున్నారు, చెయ్యాలి కూడా. కానీ భయంతో ఒళ్ళు వణుకుతున్న డెబ్బై అయిదేళ్ళ మనిషికి నంబరు కంటే ముందు తెలిసిన మొహం గుర్తొస్తుంది. పోయిన నెల వచ్చి "బాగున్నావా పెద్దమ్మా" అని అడిగి వెళ్ళిన కానిస్టేబుల్ ఉంటే, ఫోన్లో కనిపిస్తున్న ఖాకీ నిజమో కాదో అడిగి తెలుసుకోవడానికి ఆమెకు ఒక మనిషి ఉన్నట్టు.

రక్షణ కోసం మొదలైన ఈ రాకపోక తోడుగా ఎదగాలన్నది నా మనవి. డబ్లిన్‌లో విల్లీ బెర్మింగమ్ అనే ఫైర్‌మన్ ఉండేవాడు. డ్యూటీలో భాగంగా వెళ్ళిన ఇళ్ళలో ఒంటరిగా ప్రాణాలొదిలిన ముసలివాళ్ళను చూసి తట్టుకోలేక 1977లో 'అలోన్' అనే సంస్థ మొదలుపెట్టాడు. ఈనాటికీ ఆ సంస్థ వాలంటీర్లు ఐర్లండ్‌లో ఒంటరి పెద్దల ఇళ్ళకు వెళ్ళి కబుర్లాడి వస్తుంటారు. ఆ పనికి శ్రీకారం చుట్టింది యూనిఫాం వేసుకునే ఉద్యోగి. వాసన వస్తోందని ఇరుగుపొరుగు ఫోన్ చేస్తే వెళ్ళి తలుపు పగలగొట్టిన ఎస్ఐలు, కానిస్టేబుళ్ళు మీ శాఖలోనూ ఉన్నారు. ఆ రాత్రి వాళ్ళకు నిద్ర పట్టిందేమో అడగండి.

కేరళ పోలీసులు 2008లో జనమైత్రి మొదలుపెట్టి, బీట్ అధికారి తన బీట్‌లోని ఇంటింటినీ ఎరిగి ఉండాలన్నారు. ఢిల్లీ పోలీసులు వృద్ధుల పేర్లు నమోదు చేసుకుని బీట్ సిబ్బందిని పంపుతున్నారు. మనకు చేతకాని పనేమీ కాదు.

"మీరంతా వెళ్తున్నారుగా, మళ్ళీ మేమెందుకు?" అని మీ సిబ్బంది అడగవచ్చు. తలుపు దగ్గరే మా పని ఆగిపోతోంది. దొంగతనాల వార్తలు రోజూ వినే పెద్దలు తెలియని మొహానికి గడియ తీయరు. తీయకూడదు కూడా. మేమెవరమో, ఎలాంటివాళ్ళమో విచారించే అధికారం మీకుంది. మొదటిసారి కానిస్టేబుల్ వెంట వచ్చి "ఈమె మన కమిటీ మనిషి, వారం వారం వస్తుంది" అని చెబితే ఆ తలుపు తెరుచుకుంటుంది. సిబ్బంది ఎంత తక్కువో, బందోబస్తులతో ఎలా నలిగిపోతున్నారో మాకు తెలుసు. అందుకే కానిస్టేబుల్ నెలకొక్కసారి వస్తే చాలంటున్నాను. మిగతా వారాలు కమిటీవి.

కమిటీకి మనుషులు దొరుకుతారు. రిటైరైన టీచర్లున్నారు, డ్వాక్రా సంఘాల మహిళలున్నారు. అందరికంటే ముఖ్యంగా కాలేజీ పిల్లలున్నారు. గాంధీ శతజయంతి ఏడాది 1969లో మొదలైన ఎన్ఎస్ఎస్‌లో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళు సేవ చెయ్యాలి. అందులో వారానికో గంట ఒక పెద్దాయనకో పెద్దమ్మకో కేటాయించమని విశ్వవిద్యాలయాలకు మీ శాఖ నుంచి ఒక ఉత్తరం రాయండి. కాకపోతే ఆ ఇంటికి ఎప్పుడూ ఆ పిల్లలే వెళ్ళాలి. ఈ వారం ఒకరు, వచ్చే వారం ఇంకొకరు వెళ్తే అది తనిఖీ అవుతుంది. వస్తామని చెప్పి మానేయడం అసలే కూడదు. ఫలానా రోజు వస్తారని పొద్దుటి నుంచీ వీధి వైపు చూసే మనిషిని అలా ఎదురుచూసేలా చెయ్యడం కంటే మొదటే వెళ్ళకపోవడం నయం.

ఆ గంటసేపు ఏం చెయ్యాలని పిల్లలు అడుగుతారు. వినాలి. సాగర్ డ్యామ్ కట్టేటప్పుడు రాళ్ళు మోసినవాళ్ళు, 1977 దివిసీమ ఉప్పెన కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. చెప్పిందే మళ్ళీ చెబుతారు, మళ్ళీ వినాలి. ఫోన్ రీచార్జి అయిపోయి ఉంటే చేసిపెట్టాలి, మాత్రల అట్ట మీద తేదీ చదవాలి, నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ సంగతి గుర్తు చెయ్యాలి. ఒంటి మీద దెబ్బలు కనిపించినా, పొయ్యి వెలగడం లేదని అనుమానం వచ్చినా వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి చెప్పాలి. ఆ హెల్ప్‌లైన్ 2017లో మొదలైంది మన హైదరాబాద్‌లోనే.

డబ్బు, బంగారం, కాగితాల వ్యవహారాల్లో వాలంటీర్లెవరూ వేలు పెట్టకూడదు. ఫొటోలు అసలే వద్దు. రెండు అరటిపండ్లు, ఒక బ్రెడ్డు ప్యాకెట్టు చేతిలో పెట్టి, నలుగురు చుట్టూ నిలబడి ఫొటో తీసి పేపరుకు పంపడం మన దగ్గర సేవగా చెలామణి అవుతోంది. అరవయ్యేళ్ళు రెక్కల కష్టం మీద బతికిన మనిషిని ఊరి ముందు బిచ్చగత్తెగా నిలబెట్టడమే అది. స్టేషన్ పేరుతో జరిగే పనిలో దాన్ని రానివ్వకండి.

ఇంకొక్క మాట. నెలనెలా వెళ్ళి రమ్మన్న ఆ నియమం వృద్ధుల ప్రాణానికీ ఆస్తికీ రక్షణ గురించి మాట్లాడుతుంది. ఆస్తి అనే మాట ఉంది గనక జాబితా రాసేవాళ్ళ కళ్ళు మేడల మీదికే పోతాయేమోనని నా భయం. పూరిపాకలో ఉన్న ముసలమ్మ పేరు కూడా అందులో ఎక్కాలని మీరే రాతపూర్వకంగా ఆదేశించాలి.

అక్టోబరు 1 అంతర్జాతీయ వయోవృద్ధుల దినం. ఆ రోజు సభలు పెట్టి శాలువాలు కప్పుతారు. సభదాకా రాగలిగినవాళ్ళకే ఆ శాలువాలు అందుతాయి. రాలేనివాళ్ళ కోసం, ఈసారి ఆ తేదీకల్లా జిల్లాకు ఒక్క స్టేషన్‌లోనైనా జాబితా రాయించండి, కమిటీ వేయించండి, మొదటి నెల పలకరింపు జరిపించండి. మా ఊరి స్టేషన్‌లో మొదలుపెడితే మీ విచారణకు నిలబడి కమిటీకి పేర్లు ఇవ్వడానికి నేనూ, నా తోటివాళ్ళూ సిద్ధంగా ఉన్నాం. పిలవండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
గుంటూరు జిల్లా